తెలుగునాట కంప్యూటరు సహాయం, సాంకేతిక రచన

కంప్యూటరు వాడుకలో తలెత్తే ఇబ్బందిని విని, దాని కారణాన్ని కనుగొని, పరిష్కారం చూపడాన్ని సాంకేతిక సహాయం అంటారు. అదే పరిష్కారాన్ని మరొకరు చదివి తమంతట తాము చేసుకోగలిగేలా వ్రాయడం సాంకేతిక రచన. పెద్ద సంస్థలలో ఈ రెండూ వేర్వేరు ఉద్యోగాలు. తెలుగునాట మాత్రం ఈ రెండు పనులనూ చాలాకాలం ఒకే వ్యక్తి చేశాడు. అతడు ఎక్కువ సందర్భాలలో కంప్యూటరుపై మక్కువతో స్వయంగా నేర్చుకున్న ఔత్సాహికుడు. కంప్యూటరు తెరపై తెలుగు కనబడడం, తెలుగులో టైపు చేయగలగడం, తెలుగులో కంప్యూటరు పుస్తకాలూ పత్రికలూ రావడం వెనుక ఇటువంటి వారి కృషి కలదు.

నేపథ్యం

హైదరాబాదుకు కంప్యూటర్లతో సంబంధం సాఫ్టువేరు పరిశ్రమ కంటే పాతది. 1967లో హైదరాబాదులో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) 1969 నుండి టిడిసి-12 అనే కంప్యూటరును తయారుచేసింది. దీనిని ట్రాంబేలోని అణు పరిశోధనా కేంద్రంలో రూపొందించారు.

సాంకేతిక సహాయం ఒక ప్రత్యేక వృత్తిగా నిలదొక్కుకోవడానికి కారణమైన సంస్థ పేరులోనే ఆ పని కనిపిస్తుంది. 1975లో కేంద్ర ప్రభుత్వం కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసింది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం వాటాలు తగ్గించుకోవడానికి ఇష్టపడని ఐ.బి.ఎం. 1978లో భారతదేశం నుండి వైదొలగింది. అది వదిలి వెళ్ళిన యంత్రాలను నడిపించే బాధ్యత ఈ కార్పొరేషన్‌పై పడింది. తరువాత ఈ సంస్థ పేరు సి.ఎం.సి. లిమిటెడ్‌గా మారింది. హైదరాబాదు దీని ముఖ్య కేంద్రాలలో ఒకటి. ఇది 2015లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో విలీనమైనది. తయారుచేసిన సంస్థ దగ్గర లేకపోయినా యంత్రం పనిచేయవలసిందే అన్న ఈ అనుభవం, తరువాతి కాలంలో ఇంటింటి కంప్యూటర్లకు కూడా వర్తించింది.

ఇంటి కంప్యూటర్ల కాలం

1990లలో వ్యక్తిగత కంప్యూటర్లు ఇళ్ళకు, చిన్న కార్యాలయాలకు, డి.టి.పి. కేంద్రాలకు చేరాయి. వీటిలో చాలావరకు విడిభాగాలు కొని స్థానికంగా జతచేసినవి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇటువంటి విడిభాగాలకు ప్రసిద్ధి చెందిన బజారు. అమీర్‌పేట శిక్షణా సంస్థలకు పేరుపొందినది. విడిభాగాలను ఎంచుకొని యంత్రాన్ని జతచేసిన యువకుడే, యంత్రం మొరాయించినప్పుడు ఇంటికి వచ్చి బాగుచేసేవాడు. అతడికి తయారీదారు ఇచ్చిన చేపుస్తకం గాని, శిక్షణ గాని ఉండేది కాదు. ఒక్కొక్క భాగాన్ని మార్చి చూస్తూ లోపాన్ని పట్టుకోవడమే అతడి విద్య.

అంతర్జాలం అందుబాటు తక్కువగా ఉన్న ఆ రోజులలో సమాచారం ఎక్కువగా అచ్చు పత్రికల ద్వారా వచ్చేది. విదేశ్ సంచార్ నిగం లిమిటెడ్ 1995 ఆగస్టు 15న భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు ప్రారంభించింది. అయినా టెలిఫోను తీగ ద్వారా పెద్ద సాఫ్టువేర్లు దించుకోవడం గంటల తరబడి సాగే పని. 1987లో మొదలైన పిసి క్వెస్ట్ వంటి ఆంగ్ల పత్రికలు సాఫ్టువేర్లను సీడీలలో పాఠకులకు అందించాయి. ఆంగ్లం చదవగలిగిన ఔత్సాహికుడు వీటిని చదివి, ప్రయోగించి చూసి, తెలిసినదాన్ని చుట్టుపక్కల వారికి తెలుగులో చెప్పేవాడు. తెలుగు సాంకేతిక రచనకు పునాది ఈ నోటిమాటలోనే ఉన్నది.

వైరసులు ఈ అవసరాన్ని మరింత పెంచాయి. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. వైరసు అనేక దేశాలలో హార్డుడిస్కులలోని సమాచారాన్ని చెరిపివేసింది. కొన్ని యంత్రాలలో మదర్‌బోర్డుపై ఉండే బయాస్‌ను కూడా పాడుచేసింది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు సోకిన విండోస్ యంత్రాలు ఒక నిమిషం గడువు చూపి వాటంతట అవే మూసుకొని మళ్ళీ మొదలయ్యేవి. ఇటువంటి సందర్భంలో ఒక్కరికి చెప్పిన పరిష్కారం అదే రోజు ఎందరికో అవసరమయ్యేది. కనుక దానిని వ్రాసిపెట్టడం తప్పనిసరి అయింది.

తెలుగు లిపి సమస్య

తెలుగునాట సాంకేతిక సహాయంలో ఒక ప్రత్యేక విభాగం కలదు. అది లిపికి సంబంధించినది.

యూనికోడు వాడుకలోకి రాకముందు తెలుగు ఫాంట్లు ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చుకునేవి. తలకట్టు, గుడి, వత్తు ఒక్కొక్కటి ఒక్కొక్క స్థానంలో ఉండేవి. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది ఫాంటు తయారీదారు ఇష్టం. అందువలన ఒక ఫాంటులో టైపు చేసిన పాఠాన్ని మరొక ఫాంటులోకి మారిస్తే అర్థంలేని గీతలు కనబడేవి. ఈనాడు, వార్త వంటి దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి తమ సొంత ఫాంటును వాడాయి. అచ్చు రంగంలో అనూ వంటి సాఫ్టువేర్లు వ్యాపించాయి. కీబోర్డు అమరికలు కూడా యాపిల్, మాడ్యులర్, ఇన్‌స్క్రిప్ట్ అని పలురకాలుగా ఉండేవి. ఒకచోట టైపు నేర్చుకున్న వ్యక్తికి మరొకచోట పని కొత్తగా అనిపించేది.

భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాల కోసం 1991లో ఇస్కీ ప్రమాణం భారత ప్రమాణంగా వెలువడింది. అదే సంవత్సరం యూనికోడు తొలి కూర్పులో తెలుగుకు 128 స్థానాల విభాగం కేటాయించబడినది. యూనికోడులో అక్షరపు ఆకారానికి కాక, అక్షరానికే సంకేతం ఉంటుంది. ఉదాహరణకు "స్త్రీ" అనే మాటలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అనే ఆరు సంకేతాలు వరుసగా నిల్వ అవుతాయి. వీటిని ఒకే అక్షరంగా కూర్చి తెరపై చూపవలసిన బాధ్యత ఆపరేటింగ్ సిస్టముది, ఫాంటుది. ఆ ఏర్పాటు లేని యంత్రంలో అక్షరాలు విడివిడిగానో, ఖాళీ డబ్బాలుగానో కనబడతాయి.

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు తోడ్పాటు, గౌతమి అనే ఫాంటు ఉన్నాయి. కాని సంక్లిష్ట లిపుల ఫైళ్ళను ప్రత్యేకంగా స్థాపించుకోవలసి వచ్చేది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ, భాషా ఎంపికలకు వెళ్ళి, గుర్తు పెట్టి, విండోస్ సీడీని యంత్రంలో ఉంచి, ఆ తరువాత యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి. సీడీ దగ్గర లేనివారికి, నెట్ కేంద్రాలలో ఇతరుల యంత్రాలు వాడేవారికి ఈ నాలుగు మెట్లలో ఏదో ఒకచోట పని ఆగిపోయేది. "నాకు డబ్బాలు కనిపిస్తున్నాయి" అన్నది 2000ల దశకంలో తెలుగు ఔత్సాహికులు అతి తరచుగా విన్న ఫిర్యాదు.

ఔత్సాహికుల కృషి

ఈ సమస్యకు పరిష్కారాలు చాలావరకు విడివిడి వ్యక్తుల నుండి, స్వచ్ఛంద బృందాల నుండి వచ్చాయి. వీరిలో పలువురికి ఇది జీవనోపాధి కాదు.

* ఆర్.టి.ఎస్.: 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంతో సంబంధమున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి. యూజ్‌నెట్‌లోని తెలుగువారు ఆంగ్ల అక్షరాలతో తెలుగు వ్రాసుకోవడానికి ఇది ఉపయోగపడింది. ఇందులో చిన్న "టి"తో త, పెద్ద "టి"తో ట, చిన్న "ఎన్"తో న, పెద్ద "ఎన్"తో ణ వస్తాయి.
* పోతన, వేమన ఫాంట్లు: కెనడాలో స్థిరపడిన భౌతిక శాస్త్రవేత్త తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన యూనికోడు ఫాంట్లు. వీటిని ఉచితంగా అందించారు.
* బరహ: కన్నడిగుడైన శేషాద్రివాసు 1998లో విడుదల చేసిన టైపింగ్ సాఫ్టువేరు. మొదట కన్నడం కోసం తయారైనది. తరువాత తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు విస్తరించింది.
* పద్మ: వెన్న నాగార్జున రూపొందించిన మార్పిడి ఉపకరణం. సొంత ఫాంట్లు వాడే వెబ్‌సైట్లలోని పాఠాన్ని యూనికోడులోకి మార్చి చూపేది. ఫైర్‌ఫాక్స్ పొడిగింతగా ప్రాచుర్యం పొందింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభానికి చొరవ తీసుకున్నది కూడా ఇతడే.
* లేఖిని: వీవెన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఔత్సాహికుడు 2006లో అందుబాటులోకి తెచ్చిన టైపింగ్ ఉపకరణం. ఆర్.టి.ఎస్. పద్ధతిని అనుసరిస్తుంది. ఏ సాఫ్టువేరూ స్థాపించనవసరం లేకుండా బ్రౌజరులోనే పనిచేయడం దీని ప్రత్యేకత. నెట్ కేంద్రాల నుండి, కార్యాలయ యంత్రాల నుండి తెలుగు వ్రాయడం దీనితో సులువైనది.
* స్వేచ్ఛ: హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థ. గ్నూ/లినక్సు ఆపరేటింగ్ సిస్టమును తెలుగులోకి తెచ్చే పనిని 2000ల దశకంలో చేపట్టింది.
* ఈ-తెలుగు: 2008లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో దుకాణం ఏర్పరచి, వచ్చినవారికి కంప్యూటరులో తెలుగు చూడడం, వ్రాయడం నేర్పింది.

వీటిని గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. మొదట ఒకరి సందేహానికి జవాబు చెబుతారు. అదే సందేహం పదేపదే వస్తే జవాబును వ్యాసంగా వ్రాస్తారు. వ్యాసం చదివినా చేయలేనివారు మిగిలితే, ఆ మెట్లన్నీ అవసరం లేకుండా చేసే ఉపకరణాన్ని తయారుచేస్తారు. విండోస్ సీడీ లేనివారికి ఎంత బాగా వ్రాసిన వ్యాసమైనా ఉపయోగపడదు. లేఖిని వంటిది ఉపయోగపడుతుంది.

పత్రికా రచన

తెలుగులో కంప్యూటరు రచన దినపత్రికల అనుబంధ పేజీలు, ప్రత్యేక మాసపత్రికలు, శిక్షణా పుస్తకాల రూపంలో సాగింది. మాసపత్రికలలో "కంప్యూటర్ ఎరా" పేరుపొందినది. దీని సంపాదకుడు నల్లమోతు శ్రీధర్ పాఠకుల సందేహాలకు సమాధానాలిచ్చే రచయితగా ప్రసిద్ధుడు. అచ్చు పత్రికతో పాటు తరువాతి కాలంలో వీడియోల ద్వారా కూడా ఆయన సాంకేతిక విషయాలను తెలుగులో వివరించారు.

సమస్యను ఎదుర్కొన్న సాధారణ వాడుకరి దృష్టి నుండి వ్రాసే పద్ధతికి ప్రపంచంలో ముందు ఉదాహరణలు ఉన్నాయి. 1975 నుండి 1998 వరకు అచ్చులో వెలువడిన బైట్ అనే అమెరికా పత్రికలో రచయిత జెర్రీ పోర్నెల్ తన ఇంటి కంప్యూటర్లతో పడిన పాట్లను శీర్షికగా వ్రాశారు. ఆయన కంప్యూటరు ఇంజనీరు కాదు, వాడుకరి. ఆ శీర్షికకు ఆదరణ లభించడానికి అదే కారణమైనది. తెలుగు రచయితకు దీనికి తోడు మరొక బాధ్యత ఉండేది. తెరపై ఆంగ్లంలో కనిపించే ఆదేశాన్ని గుర్తుపట్టేలా చెప్పి, దాని అర్థాన్ని తెలుగులో వివరించాలి.

పరిభాష

ఈ రెండవ బాధ్యత పరిభాష చర్చకు దారితీసింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్)లో కంప్యూటరు శాస్త్రం బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు తెలుగులో విజ్ఞాన రచనలు విరివిగా చేశారు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును కూర్చారు. కంప్యూటరుకు "కలనయంత్రం" అనే మాటను వాడారు. ఔత్సాహికులు ఫైలుకు దస్త్రం, కీకి మీట, పాస్‌వర్డుకు సంకేతపదం, బ్రౌజరుకు విహారిణి, స్క్రీన్‌షాటుకు తెరపట్టు, డౌన్‌లోడుకు దిగుమతి లేదా దించుకోలు అనే మాటలను ప్రచారం చేశారు. అంతర్జాలం, జాలస్థలి అనే మాటలు పత్రికలలోకి కూడా వెళ్ళాయి.

సహాయం చేసేవారి దృష్టిలో ఈ ప్రశ్నకు రెండు వైపులు ఉన్నాయి. తెరపై "ఫైల్" అని ఉండగా వ్యాసంలో "దస్త్రం" అని వ్రాస్తే కొత్త వాడుకరి తడబడతాడు. తెరనే తెలుగులోకి మారిస్తే ఆ తడబాటు ఉండదు, కాని ఆంగ్ల తెరకు అలవాటుపడినవాడు వెతుక్కోవలసి వస్తుంది. అందుచేత చాలామంది రచయితలు తెరపై కనిపించే మాటను తెలుగు లిపిలో యథాతథంగా ఉంచి, పని వివరణను తెలుగు క్రియలతో వ్రాసే మధ్యమార్గాన్ని అనుసరించారు. నొక్కు, లాగు, అతికించు, చెరుపు, భద్రపరచు వంటి క్రియలు ఏ వివాదమూ లేకుండా నిలిచిపోయాయి.

వృత్తి స్వరూపం

సహాయకుడి పనిలో మొదటిది వినడం. వాడుకరి చెప్పేది లక్షణం మాత్రమే. "కంప్యూటరు పనిచేయడం లేదు" అన్న ఒక్క వాక్యానికి విద్యుత్తు అందకపోవడం, తెర తీగ ఊడిపోవడం, హార్డుడిస్కు చెడిపోవడం, సంకేతపదం మరచిపోవడం వంటి పలు అర్థాలు ఉండవచ్చు. కనుక చివరిసారి ఎప్పుడు సరిగా పనిచేసింది, ఆ తరువాత ఏమి మారింది, తెరపై అచ్చంగా ఏ మాటలు కనిపిస్తున్నాయి అన్న మూడు ప్రశ్నలు అడగడం పరిపాటి. రెండవది, ఏ మార్పు చేయడానికి ముందైనా సమాచారానికి నకలు తీయడం. మూడవది, ఒకసారి ఒక్క మార్పే చేసి ఫలితం చూడడం.

రచయిత పనిలో కష్టమైనది వదిలివేసిన మెట్టును గుర్తించడం. తెలిసినవాడికి సహజంగా తోచే మెట్టు తెలియనివాడికి అడ్డుగోడ. వ్రాసినదానిని కొత్తవారి చేత చేయించి చూసి, వారు ఆగినచోట ఒక వాక్యం చేర్చడం దీనికి నమ్మకమైన మార్గం. వ్యాసం ఏ కూర్పుకు వర్తిస్తుందో, ఏ సంవత్సరంలో వ్రాయబడినదో తెలపడం కూడా అవసరం. ఎక్స్‌పీకి వ్రాసిన సూచన తరువాతి విండోస్‌లలో పాఠకుడిని తప్పుదారి పట్టిస్తుంది.

ఈ పద్ధతి కంప్యూటర్లతో పుట్టినది కాదు. హైదరాబాదు దక్షిణాన, శంషాబాదు వైపు వెళ్ళే దిశలో ఉన్న రాజేంద్రనగర్ దీనికి దగ్గరి ఉదాహరణ. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం (2014 తరువాత ఆచార్య జయశంకర్ పేరిట పిలువబడుతున్నది), 1987లో స్థాపించబడిన జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) ఇక్కడ ఉన్నాయి. పరిశోధనాలయంలోని విషయాన్ని రైతుకు అతడి మాటల్లో, అతడి పొలానికి సరిపడేలా చెప్పడమే వ్యవసాయ విస్తరణ. 2004 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన కిసాన్ కాల్ సెంటర్లు ఇదే పనిని టెలిఫోను ద్వారా ప్రాంతీయ భాషలలో చేపట్టాయి. అడిగినవారి భాషలో జవాబు, వారి దగ్గర ఉన్న వస్తువులతోనే అయ్యే పరిష్కారం అన్న రెండు సూత్రాలు ఈ రెండు వృత్తులకూ ఉమ్మడివి.

స్మార్టుఫోన్ల కాలం

2010ల దశకంలో తెలుగువారిలో చాలామందికి మొదటి కంప్యూటరు ఫోనే అయింది. ఆండ్రాయిడు తొలి కూర్పులలో తెలుగు సరిగా కనిపించేది కాదు. ఒపేరా మినీ బ్రౌజరులో సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపే అమరికను మార్చుకొని చాలామంది తెలుగు చదివారు. ఈ చిట్కా కూడా ఔత్సాహికుల వ్యాసాల ద్వారానే వ్యాపించింది. తరువాతి కూర్పులలో ఈ లోపం తొలగింది.

లిపి సమస్య పూర్తిగా ముగియలేదని 2018 ఫిబ్రవరిలో తెలిసింది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక వరుసలో నిల్వ చేసిన సందేశం వస్తే ఐఫోను అనువర్తనాలు ఆగిపోయేవి. జ, పొల్లు, ఞ ల తరువాత కంటికి కనిపించని విభాజక సంకేతం, ఆపైన దీర్ఘం ఉండడం దీనికి కారణం. యాపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దీనిని సరిచేసింది.

ఫోన్లతో పాటు మోసాలు కూడా పెరిగాయి. సాంకేతిక సహాయం పేరు చెప్పి ఫోను చేసి, తెరను పంచుకొనే అనువర్తనాన్ని స్థాపింపజేసి, బ్యాంకు ఖాతాలోని సొమ్ము కాజేయడం వీటిలో ఒక రకం. ఇటువంటి అనువర్తనాల విషయంలో భారతీయ రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో హెచ్చరిక జారీచేసింది. ఆర్థిక సైబర్ నేరాలపై ఫిర్యాదుకు దేశవ్యాప్తంగా 1930 అనే సహాయ సంఖ్య ఉన్నది. నిజమైన సహాయకుడు తనంతట తాను ఫోను చేయడు, ఓటీపీ గాని పిన్ గాని అడగడు అన్న విషయాన్ని తెలుగులో స్పష్టంగా వ్రాయడం నేటి సాంకేతిక రచయితల ముఖ్య కర్తవ్యాలలో ఒకటి. ఒకప్పుడు తెలుగులో సమాచారం లేకపోతే పని ఆగేది. ఇప్పుడు సొమ్ము పోతున్నది.

పరిమితులు

ఔత్సాహికుల కృషికి బలమూ బలహీనతా ఒకటే. అది వ్యక్తుల ఆసక్తిపై ఆధారపడినది. ఒక వ్యక్తికి తీరిక తగ్గితే ఉపకరణం నవీకరణ ఆగిపోతుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పుతో పాత పద్ధతి పొడిగింతలన్నీ పనిచేయడం మానివేశాయి. వాటిని నిలుపుకోవాలంటే కొత్త పద్ధతిలో తిరిగి వ్రాయవలసి వచ్చింది. వేతనం లేని పనిలో ఇది చిన్న భారం కాదు.

సొంత సంకేతాల ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు, పత్రికల ఫైళ్ళు మరొక సమస్య. ఆ ఫాంటు, దానిని నడిపే సాఫ్టువేరు దొరకని నాడు ఫైలు ఉన్నా పాఠం చదవడం సాధ్యం కాదు. వాటిని యూనికోడులోకి మార్చడానికి ఏ ఫాంటులో ఏ స్థానంలో ఏ ముక్క ఉన్నదో తెలిసినవారు కావాలి. ఆ పట్టికలు అంతటా అచ్చులో లేవు. కొంత జ్ఞానం డి.టి.పి. పనివారి, పాత ఔత్సాహికుల జ్ఞాపకంలోనే ఉన్నది. దానిని వ్రాసి ఉంచడం తెలుగు సాంకేతిక రచనలో ఇంకా మిగిలి ఉన్న పని.

ఇవి కూడా చూడండి

* యూనికోడు
* తెలుగు లిపి
* లేఖిని
* కీబోర్డు
* కంప్యూటరు వైరస్
* రాజేంద్రనగర్